అరువుకొచ్చినోడు ధర అడగడు

చీపురుపల్లిలో మా నాన్నకి ముప్పై ఏళ్ల పైచిలుకు కిరాణా కొట్టు ఉండేది. కొట్టు ముందు "అరువు రేపు" అని బోర్డు. లోపల, కల్లా పెట్టె పక్కన, ఎర్ర గుడ్డ అట్ట వేసిన అరువు పుస్తకం. బోర్డు కొత్తవాళ్లకి, పుస్తకం పాతవాళ్లకి. సెలవుల్లో కొట్లో కూర్చుని పొట్లాలు కట్టేటప్పుడు ఆయన నాకు చెప్పిన మాట ఒకటుంది: "అరువుకొచ్చినోడు ధర అడగడ్రా. తూకం సూసుకుంటాడంతే."

ఆ మాట చాలా ఏళ్లు నాకు వట్టి ఎత్తిపొడుపుగానే తోచింది. ఇప్పుడు విజయనగరంలో ఇంటర్ పిల్లలకి అర్థశాస్త్రం చెబుతున్నాను. ద్రవ్యోల్బణం పాఠం రాగానే బోర్డు మీద రెండు పేర్లు రాస్తాను: గిరాకీ పెరిగి ధరలెక్కితే డిమాండ్ ప్రేరితం, సరుకు తయారీ ఖర్చు పెరిగి ఎక్కితే వ్యయ ప్రేరితం. పిల్లలు బట్టీ పడతారు, నాలుగు మార్కులు తెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ రెండు పేర్ల మధ్య గీసిన గీత ఎప్పుడూ నచ్చదు. బజారులో ధరలు ఆ గీతకి అటో ఇటో బుద్ధిగా నిలబడవు.

ఈ వ్యాసం రాయడానికి కారణం మాత్రం పాఠం కాదు, టీ కొట్టు. గంటస్తంభం దగ్గర పొద్దున్న టీ తాగేచోట ఓ పెద్దాయన రోజూ ఇదే అంటాడు: "జనం దగ్గర డబ్బులెక్కువైపోనాయి మేస్టారూ. ప్రెతోడికీ పథకం, ప్రెతోడికీ ఈఎంఐ. ధరలు పెరగక ఏటౌతాయి?" చుట్టూ ఉన్నవాళ్లు తలలూపుతారు. మొదట్లో నేను వాదించేవాణ్ని, తరవాత మానేశాను, ఇప్పుడు మళ్లీ వాదించాలనిపిస్తోంది. ఆయన మాటలో సగం తప్పు, సగం నిజం ఉన్నాయి. ఆ నిజమైన సగాన్ని ఆయన తప్పుచోట పెట్టి మాట్లాడుతున్నాడు.

ముందు తప్పు సంగతి చూద్దాం. 2020 గుర్తుందిగా. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో దేశం తాళం వేసుకుని కూర్చుంది. ఆ మూడు నెలల స్థూల దేశీయోత్పత్తి అంతకుముందు ఏడాదితో పోలిస్తే 23.9 శాతం పడిపోయిందని అప్పట్లో వచ్చిన మొదటి అంచనా. అంటే పనిలో నాలుగో వంతు గల్లంతు. హైదరాబాదు, చెన్నై భవనాల పనుల్లో ఉన్న మన శ్రీకాకుళం, విజయనగరం కూలీలు నడిచొచ్చారు, లారీలెక్కి వచ్చారు. ఎవరి చేతిలోనూ డబ్బు ఆడలేదు, కొత్త అప్పులు తీసుకునే ధైర్యం జనానికీ లేదు, ఇచ్చే ధైర్యం బ్యాంకులకీ లేదు. టీ కొట్టు సిద్ధాంతం నిజమైతే ధరలు కుప్పకూలాలి. కానీ ఆ ఏడాది అక్టోబరులో వినియోగదారుల ధరల ద్రవ్యోల్బణం 7.61 శాతం. రిజర్వు బ్యాంకు ముందున్న గురి 4 శాతం, ఓర్చుకునే పై గీత 6.

ఇప్పుడు దానికి అద్దంలో బొమ్మలాంటిది చూడండి. 2025 అక్టోబరు. దసరా, దీపావళి రెండూ ముగిసిన నెల. సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తగ్గి బైకుల షోరూముల ముందు జనం కిటకిట. అప్పులు ఆగలేదు, కొనుగోళ్లూ ఆగలేదు. ఆ నెల ద్రవ్యోల్బణం 0.25 శాతం. 2012 ధరలు ఆధారంగా లెక్కేసిన వినియోగదారుల ధరల సూచీలో అంతకంటే తక్కువ అంకె అప్పటిదాకా లేదు. పన్ను తగ్గడం కొంత, కూరగాయల ధరలు అంతకుముందు ఏడాదికంటే బాగా దిగడం ఎక్కువ.

డబ్బు లేనప్పుడు ధరలు పెరిగాయి, ఉన్నప్పుడు పెరగలేదు. కారణం ఆ సూచీలోనే ఉంది. అందులో తిండి, పానీయాల వాటా 45.86 శాతం ఉండేది. దాదాపు సగం. వాన, ఎండ, తుపాను, పురుగు, యుద్ధం, ఎగుమతి నిషేధం, ఇవన్నీ ఆ సగాన్ని ఊపేస్తాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె, ఇండోనేషియా ఎగుమతులు ఆపేయడంతో పామాయిలు మండిపోతే, అందులో చీపురుపల్లి గృహిణి చేసిన అప్పేమీ లేదు.

ఇక నిజమైన సగం. దీనికి ఇడ్లీ కావాలి.

2023 జులైలో టమాటా కిలో నూట యాభై దాటి, కొన్నిచోట్ల రెండొందలు ముట్టింది. రైతు బజారులో ప్రభుత్వం యాభైకి అమ్మిస్తే పొద్దున్న ఆరింటికే వరస. ఆ నెల ద్రవ్యోల్బణం 7.44. మేం ఆదివారాలు వెళ్లే టిఫిన్ కొట్టాయన ముందు టమాటా పచ్చడి తీసేశాడు. తరవాత ప్లేటు ఇడ్లీ ముప్పై నుంచి నలభై చేశాడు. "టమాటాలు సూడండి మేస్టారూ, ఏటి సెయ్యమంటారు?" అన్నాడు. న్యాయమే అనిపించింది. సెప్టెంబరుకి టమాటా మళ్లీ మామూలు రేటుకొచ్చింది, ఆ తరవాత కొన్నాళ్లకి కొనేవాడు లేక రైతు పారబోసే కథలూ వచ్చాయి. అక్టోబరుకి ద్రవ్యోల్బణం 4.87కి దిగింది. పచ్చడి తిరిగొచ్చింది. ఇడ్లీ నలభై దగ్గరే ఉండిపోయింది. ఈసారి నేనడిగితే నవ్వాడు. "అలవాటైపోయింది కదా మేస్టారూ, ఎవులూ అడగట్లేదు."

ఎవరూ అడగట్లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇక్కడుంది. ధర ఎక్కడానికి కారణం వేరు, ఎక్కిన ధర దిగకపోవడానికి కారణం వేరు. ఎక్కించింది టమాటా. దిగనివ్వంది మేము. నలభై పెట్టి తినే జనం ఆదివారం ఉదయం ఆ కొట్టు ముందు ఇంకా నిలబడే ఉన్నారు కాబట్టి ఆయనకి తగ్గించాల్సిన అగత్యం లేదు. గిరాకీ, అప్పు తమ బలం చూపించే చోటు ఇదే. మంట పెట్టేది చాలాసార్లు వేరే ఎవరో. ఆరిపోకుండా పుల్లలు ఎగదోసేది మన చేతిలోని డబ్బు, మన చేతికి ఇంకా రాని డబ్బు.

గిరాకీ అన్ని సరుకుల మీదా ఒకేలా పనిచెయ్యదన్న సంగతి కూడా నాకు పుస్తకాలకంటే ముందు మా బజారే నేర్పింది. చీపురుపల్లి పక్కనే గరివిడి. అక్కడి ఫెర్రో అల్లాయిస్ ఫ్యాక్టరీ కార్మికులకి జీతాలు పడ్డ మొదటి ఆదివారం మా బజారులో చేపల ధర చెప్పలేనంత పెరిగేది. పూసపాటిరేగ, చింతపల్లి తీరం నుంచి ఆ పొద్దున్న ఎన్ని గంపలొచ్చాయో అన్నే. పాతికమంది అదనంగా కొనడానికొస్తే సముద్రం ఇంకో గంప పంపదు. చేపలమ్మే ఆమెకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, జీతాల తేదీ నోటికొచ్చు. అదే రోజు నాన్న కొట్టులో బియ్యం, పప్పు కూడా మామూలుకంటే రెట్టింపు అమ్ముడయ్యేవి. ధర మాత్రం పైసా కదిలేది కాదు. గోదాములో బస్తాలున్నాయి, అయిపోతే విజయనగరం నుంచి మర్నాటికి దిగుతాయి. పెరిగిన గిరాకీ చేపల దగ్గర ధరగా మారింది, బియ్యం దగ్గర వ్యాపారంగా మారింది. దేశం మొత్తానికీ ఇదే లెక్క. ఫ్యాక్టరీల్లో ఖాళీ యంత్రాలున్నంతకాలం అప్పు పెట్టి కొన్నా వస్తువులు పెరుగుతాయి, పనులు పెరుగుతాయి. యంత్రాలన్నీ నిండాక పెరిగేది ధరొక్కటే.

అప్పు సంగతికొస్తే, అది వట్టి గిరాకీ కాదు. రేపటి గిరాకీ ఈ రోజే వచ్చి వరసలో నిలబడటం. ఇంకో విచిత్రం ఏంటంటే, అప్పు ఇచ్చేవాడి దగ్గర ముందుగా డబ్బు ఉండాల్సిన పని లేదు. నాన్న దగ్గర నోట్లు లేవు. పెన్నుతో పుస్తకంలో "అప్పలనర్సి, నూనె 2, మినప్పప్పు 3" అని రాసిన క్షణంలో అప్పలనర్సికి కొనే శక్తి పుట్టింది. నాన్నకి ఆ నూనె డబ్బా విజయనగరం హోల్‌సేల్ వ్యాపారి పదిహేను రోజుల గడువు మీద ఇచ్చిందే. గొలుసు మొత్తంలో ఎక్కడా నోటు లేదు, సరుకు మాత్రం కదిలిపోయింది. బ్యాంకు చేసేదీ ఇదే, పెద్ద పుస్తకంలో. నాకు ఇంటి అప్పు మంజూరైనప్పుడు ఎవరి డిపాజిట్టో తీసి నాకివ్వలేదు. నా పేరున అప్పు రాసుకున్నారు, ఇల్లమ్మినాయన ఖాతాలో జమ రాశారు. ఆ జమ అంతకుముందు ఈ లోకంలో లేదు. (ఈ ముక్క చెప్పినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు "అయితే మోసమే కదండీ" అంటారు. కాదు. కానీ వాళ్ల అనుమానం నాకు ఇష్టం.)

మళ్లీ నాన్న మాటకొస్తాను. అరువు మనిషి ధర అడగడు. ఎందుకడగడు? అడిగే మొహం లేక కొంత. అప్పు ఇస్తున్నవాడితో బేరమేంటన్న మొహమాటం. అంతకంటే పెద్దది, డబ్బు ఇప్పుడు జేబులోంచి కదలకపోవడం. నాన్న అరువువాళ్లకి ధర పెంచేవాడు కాదు, ఆ మాట ఎవరన్నా అంటే కోపం వచ్చేది. కానీ నగదు పెట్టేవాళ్లకి వేసే కొసరు అరువువాళ్లకి వేసేవాడు కాదు. నగదు మనిషి ఎదురు కొట్టుకి పోగలడు. అరువు మనిషి పోలేడు. నూరు కాతాలున్న కొట్టులో ధర తగ్గించమని ఒత్తిడి తెచ్చేవాళ్లే ఉండరు.

ఈఎంఐ ఆ ఎర్ర పుస్తకానికి పెద్దకొడుకు. నిరుడు మా మేనల్లుడు సెల్‌ఫోను కొంటానంటే తోడెళ్లాను. వాడు షాపులో అడిగిన మొదటి ప్రశ్న "నెలకెంత పడుద్దన్నా?" ఫోను ధరెంతో వాడికి నేను బిల్లు చూపించేదాకా తెలీదు. వడ్డీ లేదట, "నో కాస్ట్" అట. నగదుకైతే ఎంతకిస్తావని నేనడిగాను. కుర్రాడు అటూ ఇటూ చూసి పదిహేను వందలు తగ్గించాడు. వడ్డీ ఎక్కడికీ పోలేదు, ధరలో దూరి కూర్చుంది. 2013లోనే రిజర్వు బ్యాంకు సున్నా వడ్డీ పథకాల గురించి బ్యాంకుల్ని గట్టిగా హెచ్చరించింది, వడ్డీని వేరే రుసుముల్లో దాచేస్తున్నారని. పేరు మారింది, పథకం నడుస్తూనే ఉంది. మా మేనల్లుడు వడ్డీ కట్టడం నా బాధ కాదు. "ఎంత?" అన్న ప్రశ్న బజారులోంచి మాయమై "నెలకెంత?" మిగలడం నా బాధ. ధరని అదుపులో పెట్టే చౌకైన పోలీసు ఆ ప్రశ్నే.

అప్పుకీ గిరాకీకీ ఇంత దగ్గర చుట్టరికం ఉందనడానికి మన రాష్ట్రమే పెద్ద ప్రయోగశాల అయింది, మనకి తెలీకుండానే. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యలు అప్పటి పేపర్లు చూసినవాళ్లకి గుర్తుంటాయి. ఇక్కడ వసూళ్లు ఆగిపోయాయి. ఆ దెబ్బకి అవే సంస్థలు దేశంలో వేరే రాష్ట్రాల్లో కూడా అప్పులివ్వడం తగ్గించేశాయి. ఎమిలీ బ్రేజా, సింథియా కిన్నన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ బయటి జిల్లాల్ని పరిశీలించారు. మన ఆర్డినెన్సుతో ఏ సంబంధమూ లేని ఆ ఊళ్లలో అప్పు ఎక్కువగా ఎండిపోయినచోట రోజుకూలీ రేట్లు, ఇంటి ఖర్చులు రెండూ తగ్గాయని తేల్చారు. అప్పు తీసుకోని కూలీకి కూడా కూలి తగ్గింది. పక్కింటావిడకి అప్పు దొరక్కపోతే ఆవిడ ఇల్లు కప్పించుకోదు, ఇతనికి పని ఉండదు. ఇదే బండి వెనక్కి తిరిగితే ధరలు పెరగడం. అప్పు వరదగా వచ్చినప్పుడు అప్పు చెయ్యనివాడు కూడా పెరిగిన ధర కడతాడు.

ఇప్పుడు నా సొంత గోడు. 2021 చివర్లో విజయనగరంలో చిన్న ఇల్లు కొన్నాను. ఇరవై ఏళ్లకి ఇరవై లక్షల అప్పు, 6.9 శాతం వడ్డీ, నెలకి పదిహేను వేల నాలుగొందల దాకా వాయిదా. అప్పట్లో రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వు బ్యాంకు ఇచ్చే అప్పు మీద వడ్డీ, 4 శాతం. 2022 మే 4న రిజర్వు బ్యాంకు ఎవరూ అనుకోని రోజున దాన్ని 4.40 చేసింది. అంతకుముందు నెల ద్రవ్యోల్బణం 7.79కి చేరిందని తరవాత లెక్క వచ్చింది. అలా పెంచుకుంటూ 2023 ఫిబ్రవరికి 6.50కి తెచ్చారు. 2019 అక్టోబరు నుంచి ఇళ్ల అప్పుల్ని రెపో లాంటి బయటి రేటుకి ముడేశారు కాబట్టి నా వడ్డీ కూడా మెట్టుమెట్టుగా 9.4కి ఎక్కింది. పాత వాయిదానే ఉంచుకుందామంటే అది దాదాపు అంతా వడ్డీకే పోయే పరిస్థితి. వాయిదా పద్దెనిమిది వేల ఐదొందలకి చేరింది. నెలకి మూడు వేల పైన ఊడింది.

అప్పుడు తెగ తిట్టుకున్నాను. నూనె ధర యుద్ధం వల్ల పెరిగితే నా ఇంటి వాయిదా పెంచడమేంటి, వాత ఒకచోట మందు ఇంకోచోటా అని. స్టాఫ్ రూములో కూడా ఇదే పాట పాడాను. ఇప్పుడు కొంచెం మెత్తబడ్డాను, పూర్తిగా కాదు. ఎందుకంటే ఆ మూడు వేలూ మా ఇంట్లో ఎక్కడ తగ్గాయో లెక్క రాసుకున్నాను. అందులో ఒకటి ఆదివారం టిఫిను. నెలకి నాలుగుసార్లు వెళ్లేవాళ్లం రెండుసార్లు అయింది. ఆ టిఫిన్ కొట్టాయన ఇడ్లీ ధర ముప్పైకి దించలేదు, దించడు కూడా. కానీ 2024లో ఇంకో ఐదు పెంచుదామని బోర్డు చెరిపి, నాలుగు రోజులు చూసి, మళ్లీ నలభయ్యే రాసుకున్నాడు. "జనం పల్చబడ్డారు మేస్టారూ" అన్నాడు. ముంబయిలో రిజర్వు బ్యాంకు ఆరుగురు సభ్యుల కమిటీ తీసుకున్న నిర్ణయం నా ఇంటి అప్పులోంచి దూరి, నా ఆదివారం మీదుగా నడిచి, గంటస్తంభం దగ్గర ఇడ్లీ బోర్డు దాకా చేరింది. వడ్డీ పెంచితే ధరలు తగ్గుతాయని చెప్పడం ఇందుకే నాకు నచ్చదు. తగ్గవు. తరవాతి పెంపు ఆగుతుంది, అంతే. ఆ "అంతే" కూడా చిన్న సంగతేమీ కాదు. పైగా టమాటా మండిన 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు రేటు కదపలేదు. మడిలో ఎండే టమాటాకి వడ్డీతో వైద్యం లేదని వాళ్లకీ తెలుసు.

నా పూర్తికాని కోపం వేరేచోటుంది. ఈ మందు అందరికీ ఒకేలా ఎక్కదు. మా వైపు వడ్డీని శాతాల్లో చెప్పరు. "రెండు రూపాయలు," "మూడు రూపాయలు" అంటారు. నూటికి నెలకి రెండంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. కూరల బండామెకి, ఆటో డ్రైవరుకి, ఉద్దానంలో తిత్లీ తుపానుకి కొబ్బరితోట పోగొట్టుకున్న రైతుకి దొరికే అప్పు ఇదే. రెపో పావు శాతం పెరిగినా తగ్గినా ఆ రెండు రూపాయలు కదలవు. వాళ్లు నూనె ధర పూర్తిగా మోశారు, రేట్లు తగ్గిన 2025లో ఉపశమనం మాత్రం నాకు వచ్చింది, వాళ్లకి రాలేదు. పథకాల డబ్బుతో ధరలు పెరుగుతున్నాయనే టీ కొట్టు పెద్దాయనకి నా జవాబు కూడా ఇదే. ఆ డబ్బు ఖాతాలో పడ్డ రోజున నేను చూసిన ఇళ్లలో సగం పాత అప్పుకి పోతుంది. బజారుకి వచ్చేది మిగిలిన సగం, అది కూడా బియ్యం లాంటి సరుకు మీదే గానీ చేప లాంటి సరుకు మీద కాదు.

చేప లాంటి సరుకు చూడాలంటే భోగాపురం వెళ్లండి. విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర్నుంచి చుట్టుపక్కల సెంటు భూమి ధర వినడానికే భయమేస్తుంది. భూమి కంటే కదలని సరుకు ఏముంది? విశాఖ నుంచి, హైదరాబాదు నుంచి బ్యాంకు అప్పులు, బంగారం తాకట్లు, చిట్టీ పాటలు అన్నీ అక్కడికే వచ్చి పడ్డాయి. భూమి ధర పెరిగేకొద్దీ దాని మీద వచ్చే అప్పు పెరుగుతుంది, ఆ అప్పు పక్క భూమి ధర పెంచుతుంది. బంగారానిదీ ఇదే నడక. 2025లో పది గ్రాములు లక్ష దాటాక మా వీధిలో అదే నల్లపూసల గొలుసు మీద ఎక్కువ అప్పు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. అప్పు నిజంగా మంట పెట్టేచోటు ఉందంటే ఇది. అయితే వినియోగదారుల సూచీ భూమి ధరని లెక్కే వెయ్యదు. 2012 ఆధార సూచీలో పల్లెలకి ఇంటి అద్దె పద్దు కూడా లేదు, పట్నాలకే ఉంది. భోగాపురం దగ్గర అద్దెకుండే నా పాత విద్యార్థి, ఓ ప్రైవేటు బళ్లో టీచరు, అద్దె పెరిగి పూసపాటిరేగ మారిపోయాడు. ఆ సూచీ ప్రకారం అతనికి ఏమీ జరగలేదు. 1943 బెంగాల్ కరవు గురించి అమర్త్య సేన్ చూపించింది ఇలాంటిదే, ఎన్నో రెట్లు దారుణంగా. యుద్ధపు ఖర్చుతో కలకత్తాలో కొందరి చేతుల్లోకి డబ్బు వచ్చింది, బియ్యం అటు లాక్కుపోయింది, కూలి పెరగని పల్లె జనం చచ్చిపోయారు. ఎవరి చేతిలో డబ్బు పెరిగిందో వాళ్లు ధర పెంచుతారు, పెరగనివాళ్లు కడతారు.

నాన్న కొట్టు మూసేసి చాలా ఏళ్లయింది. ఎర్ర పుస్తకం ఇంకా మా ఇంట్లోనే ఉంది. పోయిన సంక్రాంతికి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. 1998లో తండ్రి పేర ఉన్న బాకీ మూడు వందల నలభై, తీర్చకుండా పోతే మనసొప్పట్లేదని. నాన్న పేజీ వెతికి తీశారు. "వడ్డీ?" అని నవ్వారు. "రాసింది ఇంతే కదండీ" అన్నాడాయన, అతనూ నవ్వుతూనే. ఆ బాకీ అప్పట్లో వాళ్లింటికి నెల సరుకు. నాన్న పద్దు కొట్టేసి, గారెలకి పప్పు చాలేలా లేదు, ఆ డబ్బుకి ఎంతొస్తే అంత తెమ్మని నన్ను బజారుకి పంపించారు. సూపర్ మార్కెట్టు నుంచి సంచి తెచ్చి అరుగు మీద పెట్టాను. ఆయన సంచి ఎత్తి తూకం చూసుకుని, "కిలో ఎంతరా?" అన్నారు.

జేబులోంచి బిల్లు తీసి, చూసి చెప్పాను.